బలం మందు

పోయినవారం మనం ఆసుపత్రిలో భవాని మంచం దగ్గర ఆగాం. హనుమకొండ చౌరస్తా వెనక సందులో గాజుల దుకాణం నడిపే భవానికి ఎడమ రొమ్ములో గడ్డ తీసేశారు. ఆ తర్వాత "బలం మందు" ఎక్కిస్తున్నారని ఇంట్లోవాళ్ళు చెప్పారు. రెండోసారి ఎక్కించినప్పుడు ఆ ఎర్రమందు నరం దాటి బయటికి కారింది. కుడిచేతి వెనక చర్మం ఎర్రబడింది, బొబ్బలెక్కింది, ఇప్పుడు నడుమ నల్లగా మాడింది. కట్టు మార్చడానికి వచ్చిన నర్సు పద్మ దాన్ని చూసి ఉండబట్టలేక అడిగింది. "మండుతాంటె ఎందుకు చెప్పలేదమ్మా? మండితే వెంటనే పిలువుమని చెప్పినం గద!"

"ఎవరికి చెప్పిన్రు?" అంది భవాని.

"నీ కొడుక్కు. నీకు చెప్తనన్నడు" అంది పద్మ. కట్టు ముడివేసి, ట్రే తీసుకుని వెళ్ళిపోయింది.

భవాని చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కొత్త కట్టు తెల్లగా ఉంది. దాని కింద ఏముందో ఆమెకు తెలుసు. తెలిసినదాని మీద తెల్లగుడ్డ కప్పడం ఆ ఇంట్లో అందరికీ అలవాటే. ఆమెకు కూడా.

డాక్టరు సుభాషిణి గది ముందు పొడవాటి బల్ల ఒకటుంది. పేరు పిలవగానే మగవాళ్ళు లోపలికి పోతారు, జబ్బు మనిషి బల్ల మీద కూర్చుంటుంది. ఇలా చెయ్యమని ఎవరూ గోడ మీద రాయలేదు. మొదటిరోజు భర్త సారంగపాణి, "నువ్వు కూసో, మేం మాట్లాడొస్తం" అన్నాడు. కొడుకు భానుచందర్ ఆమె చేతికి నీళ్ళ సీసా ఇచ్చాడు. ఆ తర్వాత అదే ఆచారమైపోయింది. తలుపు మూసుకునేది. మళ్ళీ తెరుచుకునేసరికి వాళ్ళిద్దరి ముఖాలూ లోపలే తయారై బయటికి వచ్చేవి. కొడుకు ముఖం మీద ఉండాల్సినదానికంటే పెద్ద నవ్వు. భర్త ముఖం మీద ఏమీ ఉండేది కాదు. "ఏం లేదమ్మా, రక్తం జర తక్కువున్నదట. ఇంకొన్ని బలం మందులు ఎక్కిస్తే అయిపోతది. ఫికర్ చెయ్యకు."

ఆమె తల ఊపేది. నమ్మి కాదు. దువ్వెనకు జుట్టు కుచ్చులుగా వచ్చిన పొద్దున్నే ఆ జబ్బు పేరు ఆమె నాలుక చివరికి వచ్చింది. మింగేసింది. తనకు తెలుసని వాళ్ళకు తెలిస్తే వాళ్ళు తన ముందే ఏడుస్తారు. అప్పుడు జబ్బుతో పాటు వాళ్ళను ఓదార్చే పని కూడా తన మీదే పడుతుంది. అంత ఓపిక ఆమెకు లేదు. అందుకని వాళ్ళు దాస్తున్నారు, వాళ్ళు దాస్తున్న సంగతి తెలియనట్టు ఆమె దాస్తోంది. రెండు వైపులా మనుషులు నిలబడి ఒకే తలుపును మూసిపట్టుకున్నట్టుగా ఉండేది ఆ ఇల్లు. దానికి ప్రేమ అని పేరు పెట్టుకుంది భవాని. ఇవాళ పద్మ ఆ మాట అనేదాకా ఆ పేరు బాగానే సరిపోయింది.

భర్తా కొడుకూ ఇప్పుడు లోపలే ఉన్నారు. ఆమె లేచి వెళ్ళి బల్ల మీద కూర్చుంది.

"ఆ చేతికేమైంది సెల్లె?"

పక్కన కూర్చున్నామె పేరు చిలుకమ్మ. వర్ధన్నపేట అవతల పల్లెటూరు. నున్నటి తలకు తువ్వాల చుట్టుకుని, సంచిలోంచి మరమరాలు తీసి నములుతోంది.

"మందు కారింది."

"ఎర్రమందా? చేతి నరానికి పెట్టించుకున్నవా?" చిలుకమ్మ నమలడం ఆపింది. "నీకు బిళ్ళ పెట్టలేదా?"

"ఏం బిళ్ళ?"

చిలుకమ్మ అటూ ఇటూ చూసి పైట కొంచెం జరిపింది. మెడ ఎముక కింద, చర్మం లోపల, రూపాయి బిళ్ళంత ఉబ్బు. "గిది. దీంట్లకెళ్ళి ఒక గొట్టం గుండెకాడి పెద్దనరంలకు పోయిందట. మందు పెట్టే నాడు దీని మీద సూది గుచ్చుతరు, అంతే. మా కోడలైతె 'అత్తకు చార్జింగ్ పెట్టిన్రా' అంటది." పకపకా నవ్వింది. "ఇంకోటి సుత ఉన్నదట. అది జబ్బకు పెడ్తరు. దాని తోక బయటికి ఏలాడుతది, తడవద్దు, వారం వారం కట్టు మార్చాలె. పొలంల దిగేటిదాన్ని నాకు తోకెందుకు డాక్టరమ్మా, గీ బిళ్ళనే పెట్టు అన్న."

"నువ్వే అన్నవా?"

"నేను గాక ఎవరంటరు? మా ఆయన పాయె. పిలగాడు బయట చాయ్ తాగుతాండె. డాక్టరమ్మ నన్నే కూసోబెట్టుకోని అడిగింది, చేతికా, జబ్బకా, ఎద మీదనా అని. నిన్ను అడగలేదా? అందరిని అడుగుతది గద!"

భవాని తలుపు వైపు చూసింది.

కోపం ఆమెకు పెద్దగా పరిచయం లేదు. గాజులమ్మేవాళ్ళకు అది పనికిరాదు. కోపంగా పట్టుకుంటే ఎదుటి చెయ్యి బిగుసుకుంటుంది, బిగుసుకున్న చేతికి గాజు ఎక్కదు. ఇన్నేళ్ళుగా ఆమె వచ్చిన కోపాన్నల్లా మాటల్లోకి, నవ్వులోకి, బేరంలోకి మళ్ళించింది. ఇప్పుడు మళ్ళించడానికి ఏ దారీ దొరకలేదు. అది కడుపులోంచి నేరుగా పైకి వస్తుంటే, అది తనదేనా అని ఒక క్షణం వింతగా చూసుకుంది. తనదే. చాలా రోజులుగా లోపలే ఉండి, ఇవాళ పేరు పెట్టి పిలిస్తే పలికింది.

లేచి, భుజంతో తలుపు నెట్టింది.

లోపల భానుచందర్ మాట్లాడుతున్నాడు. మడికొండ ఐటీ పార్కులో పదిమందికి పని చెప్పే గొంతు, ఇక్కడ బతిమాలుతోంది. "ఎడమ చేతికి పెట్టరాదా మేడం? ఆమెకు డౌట్ రాకుంట..."

"ఎడమ చంకలో గ్రంథులు తీశాం. ఆ చేతికి సూది గుచ్చకూడదని ముందే చెప్పాను" అంటోంది సుభాషిణి.

"పోనీ కాలికి?"

"కాలికెందుకురా, నాలుకకు పెట్టుమను" అంది భవాని. "నేనెట్లాగు మాట్లాడనాయె."

ముగ్గురూ తిరిగి చూశారు. సారంగపాణి కుర్చీలోంచి సగం లేచాడు. "నువ్వు బయట కూసోరాదే..."

"కూసునే గిట్లయిన. ఇగ కూసోను."

"అమ్మా, మేం మాట్లాడుతున్నం గద, నువ్వు ఫికర్..."

"ఫికర్ చెయ్యకు అంటె చెంప పగులుతది చందూ." గొంతు పెంచలేదు. అతను ఆగిపోయాడు. పెళ్ళీడు దాటిన కొడుకును ఆమె అలా ఎన్నడూ అనలేదు. ఆమె డాక్టరు వైపు తిరిగింది. "డాక్టరమ్మా, బయట చిలుకమ్మను అడిగి బిళ్ళ పెట్టినవట. నన్నెందుకు అడగలే?"

సుభాషిణి చేతిలోని పెన్ను కింద పెట్టింది. "పోర్ట్ పెట్టాలని మొదటి మందుకు ముందే చెప్పానమ్మా. మీ నరాలు సన్నవి. ఎర్రమందు బయటికి కారితే కండను తినేస్తుంది, చేతి నరానికి వద్దు అన్నాను."

"ఎవరికన్నవు?"

డాక్టరు భానుచందర్ వైపు చూసింది. చూడకుండా ఉండాల్సిందని వెంటనే తోచినట్టు కళ్ళు దించుకుంది.

"అమ్మా, ఆపరేషనంటె నువ్వు భయపడ్తవని..." అతను చేతులు నలుపుకున్నాడు. "అది ఎద మీద ఎత్తుగ కనపడ్తది. తానం చేసినప్పుడల్లా చూస్తవు. ఇదెందుకురా, బలం మందుకు ఇదెందుకురా అని అడుగుతవు. నీకేమని చెప్పాలె?"

"క్యాన్సర్ అని చెప్పాలె."

ఆ మాట గదిలో పడింది. ఇంతకాలం ఆ ముగ్గురూ తమలో తాము గొంతు తగ్గించి చెప్పుకున్న మాట, గాజు సైజు చెప్పినంత మామూలుగా ఆమె నోట్లోంచి వచ్చింది.

సారంగపాణి పెదవులు కదిలాయి. "నీకెప్పటిసంది ఎరుక?"

"ఊసిన జుట్టు దువ్వెనల చుట్టుకున్న నాటిసంది. 'ఎండలకు రాలుతాందే' అన్నవు చూడు. ఆ నాడు."

భానుచందర్ ముఖం ముడుచుకుపోయింది. కళ్ళు నిండాయి. అతను ఏడవబోతున్నాడని ఆమె శరీరం ముందే పసిగట్టింది. ఎడమ చెయ్యి దానంతటదే లేచింది, అతని తల మీదికి పోవడానికి. ఆమె ఆ చేతిని గాల్లోనే ఆపింది. ఇదే, అనుకుంది. ఇక్కడే ప్రతిసారీ నేను ఓడిపోతాను. వాళ్ళ దుఃఖం నా బాధకంటే ముందు నడుస్తుంది, నేను దాని వెనక చెంగు పట్టుకుని పోతాను. చెయ్యి కిందికి దించింది.

"పేరు దాచిన్రు. దాచుకోండ్రి. దాన్ని నేను దేవులాడుకున్న. మంటను ఎందుకు దాచిన్రు?"

"ఏం మంట?" అన్నాడు సారంగపాణి.

"నీ కొడుకునడుగు. మందు పెట్టే ముందట పద్మ వానికి చెప్పిందట, మండితే వెంటనే పిలువుమని. వాడు నాకు చెప్తనన్నడట. ఏం చెప్పినవురా? డాక్టరమ్మ ముందట చెప్పు."

అతను నేల వైపు చూశాడు.

"చెప్పు!"

"బలం మందు... జర మండుతది. ఓర్చుకో అన్న."

"వాళ్ళు చెప్పింది గదేనా?"

"మండితే చెప్పుమంటె నువ్వు గాబరాపడ్తవు అనుకున్న. సూది గుంజేస్తవు, మందు సగంల ఆగుతదని." తలెత్తాడు. తడి కళ్ళలోనే ఒక ఎదురుదాడి. "నీ మాటే గదా అమ్మా! దుకాణంల అందరికి నువ్వు చెప్పేదే. 'ఓర్చుకో బిడ్డా, అయిపాయె, నొప్పి లేకుంట గాజెట్ల పడ్తది' అని. చిన్నప్పటిసంది వింటాన్న. నాకు అదొక్కటే యాదికొచ్చింది."

ఆమెకు ఆ మధ్యాహ్నం గుర్తొచ్చింది. చేతి వెనక ముందు చురుక్కుమంది. తర్వాత నిప్పుకణికను చర్మం కింద పెట్టి కుట్టేసినట్టయింది. పళ్ళు బిగపట్టి కళ్ళు మూసుకుంది. ఎవరో నర్సు దాటిపోతూ "బాగానే ఉన్నదా అమ్మా?" అంటే "బాగానే ఉన్న" అంది. గాజు వరుస ముంజేతికి దిగేదాకా నోరెత్తని కొత్త పెళ్ళికూతురిలా. ఎంత ఓర్చుకుంటే అంత బలం పడుతుందని నిజంగానే నమ్మింది. జబ్బు పేరును నమ్మకుండా బతికిన మనిషి, ఆ ఒక్క మాటను నమ్మింది. అది కొడుకు నోటితో, తన గొంతులో వచ్చింది కాబట్టి.

"నా మాటే" అంది నెమ్మదిగా. నెమ్మదిగా అనేసరికి కోపం ఇంకా చిక్కబడింది. "మాట పట్టుకున్నవు, చెయ్యి ఇడిసిపెట్టినవు. ఓర్చుకో అన్నప్పుడు ఆ పిల్ల చెయ్యి నా చేతుల ఉంటదిరా. కణుపు ఎర్రబడితె నాకు తెలుస్తది. గాజు పలుగుతదనుకుంటె ఆడికే ఆపుత, సబ్బు రాస్త, సైజు మారుస్త. ఎదురుంగ కూసోని దాని మొఖమే చూస్త. నువ్వేడున్నవు? బాల్కనీల నిలబడి ఆఫీసు ఫోన్ మాట్లాడినవు."

"తప్పు నాది కూడా ఉంది" అంది సుభాషిణి. "వాళ్ళు వద్దన్నారని మిమ్మల్ని అడగడం మానేశాను. అడగాల్సింది."

"నువ్వు నా చెయ్యి పట్టుకోని నరం చూసినవు గద బిడ్డా. ఆ చెయ్యి ఎంబడి మొఖం గూడ ఉండె." భవాని కుర్చీ లాక్కుని డాక్టరు ఎదురుగా కూర్చుంది. "ఇప్పుడడుగు."

సుభాషిణి సొరుగులోంచి రెండు వస్తువులు తీసి బల్ల మీద పెట్టింది. ఒకటి చిన్న బిళ్ళ, దానికి సన్నటి గొట్టం. రెండోది పొడవాటి గొట్టం, చివర మూతలున్న తోక. చేతి నరాల సంగతి అయిపోయిందని చెప్పింది. తోక ఉన్నది జబ్బకు పెడతారు, కోత ఉండదు, కానీ దాన్ని తడవకుండా చూసుకోవాలి, వారానికోసారి ఇక్కడికి రావాలి. బిళ్ళకు చిన్న ఆపరేషన్ కావాలి, ఆ చోటు మొద్దుబారేలా సూది ఇస్తారు. పైన తోలు మానిపోయాక కట్టు కూడా అక్కర్లేదు.

"గాజుల డబ్బాలు ఎత్తొచ్చునా?"

"జబ్బకు పెడితే బరువులు వద్దు. పోర్టయితే పుండు మానాక ఎత్తొచ్చు."

భవాని తోకను ఎడమచేతి వేళ్ళతో తిప్పి చూసింది. జబ్బ నుంచి ఇది వేలాడుతుంటే దుకాణంలో కూర్చోవడం ఊహించుకుంది. పెళ్ళిగాజులు తొడిగే చెయ్యి అది. ముత్తయిదువ చెయ్యి, గట్టి చెయ్యి అని ఏరి మరీ వస్తారు. తోక చూసిన తల్లి ఎవరైనా బిడ్డ చేతిని వెనక్కి లాక్కుంటుంది. నోటితో ఏమీ అనదు. పక్క దుకాణానికి పోతుంది. తనకు కనపడుతుందని కొడుకు వద్దన్నదే, బజారుకు కనపడదు కాబట్టి తనకు కావాలి. ఆ సంగతి అతనికి ఎలా తెలుస్తుంది? అడిగితే కదా.

"బిళ్ళ. దీనికి ఏమన్న ఖరాబ్ అయితదా?"

"అరుదుగా అవుతుంది. లోపల రక్తం గడ్డకట్టొచ్చు, చీము పట్టొచ్చు. జ్వరమొచ్చినా, అక్కడ ఎర్రబడినా, మండినా..."

"చెప్పాలె."

"వెంటనే చెప్పాలి" అంది సుభాషిణి. "రేపు పొద్దున పెడతాను."

"ఇగ మీరిద్దరు బయటికి నడువుండ్రి. బల్ల ఖాళీగనే ఉన్నది, కూసోండ్రి."

వాళ్ళు వెళ్ళారు. తలుపు దగ్గర భానుచందర్ ఒకసారి ఆగి వెనక్కి చూశాడు. ఆమె చూడలేదు.

తలుపు మూసుకున్నాక సుభాషిణి గొంతు మారింది. "ఇంకొక విషయం ఉందమ్మా. ఇది మీవాళ్ళకు కూడా ఇంకా చెప్పలేదు. చేతి మీద నల్లబడ్డది దానంతటది మానదు. కోసి తీసి, తొడ దగ్గరి చర్మం తెచ్చి అతకాలి. అది మానేదాకా క్యాన్సర్ మందు ఆపాలి. అలా కాదు, ముందు మందే కావాలంటే చెయ్యి ఆగాలి. ఆగితే వేళ్ళు బిగుసుకుపోవచ్చు."

"మందు ఆపితే?"

"జబ్బుకు సందు దొరకొచ్చు."

"ముందు చెయ్యి చేస్తే నా వేళ్ళు మునుపటిలెక్క వంగుతయా? గాజు తొడగవస్తదా?"

"నాకు తెలియదమ్మా. చెయ్యి తెరిచి చూస్తేగాని ఎవరికీ తెలియదు."

ఆ జవాబు దెబ్బలా తగిలింది. అయినా భవానికి విచిత్రంగా ఊపిరాడింది. తెలియదు అన్న మాటను ఆమె ముందు ఉన్నది ఉన్నట్టుగా పెట్టిన మొదటి మనిషి ఈమె. ఇది భయపెట్టే మాటే, కానీ దీని మీద కాలు మోపి నిలబడొచ్చు. చెయ్యి పోతే తాను ఎవరు? మందు ఆగితే ఎన్నాళ్ళు? ఈ రెండు ప్రశ్నలూ తనవి. ఇన్ని రోజుల్లో ఇవే మొదటిసారి తనవి.

"రాత్రికి ఆలోచించుకోని పొద్దున చెప్త. బిళ్ళ పెట్టే ముందట" అని లేచింది.

బల్ల మీద సారంగపాణి ఒక్కడే ఉన్నాడు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు, దుకాణంలోకి పెద్ద బేరం వచ్చినప్పుడు నిలబడ్డట్టు.

"చందు ఏడి?"

"కిందికి పోయిండు."

"ఏడుస్తాండా?"

"లేదు." భుజం మీది తువ్వాల సర్దుకున్నాడు. "హైదరాబాద్‌ల వాని దోస్తుకు ఎరుకైన పెద్ద దవాఖాన ఉన్నదట. ఫోన్ మాట్లాడిండు. రమ్మన్నరట. రేపటి ఆపరేషన్ ఇక్కడ వద్దని కౌంటర్ల చెప్పిండు. కారు వస్తాంది."

భవాని అతని ముఖంలోకి చూసింది. "ఎవర్నడిగిండు?"

"తప్పు చేసిన నాయినా, దిద్దుకుంట అన్నడే. నీ కోసమే గద. ఇక్కడోళ్ళే నీ చెయ్యి పాడుచేసిన్రు అంటాండు."

"ఎవర్నడిగిండు అంటాన్న."

సారంగపాణి మెట్ల వైపు చూశాడు.

"నువ్వేమన్నవయ్యా?"

"సరే అన్న."

పక్కన చిలుకమ్మ మరమరాల సంచి మూతి ముడిచి, "అయ్యో సారూ" అంది.

భవానికి నవ్వొచ్చింది. మంచి నవ్వు కాదు. పది నిమిషాలు. పది నిమిషాలు కూడా ఆమె బతుకు ఆమె చేతిలో ఆగలేదు. అప్పుడు భయంతో చేసింది ఇప్పుడు పశ్చాత్తాపంతో చేస్తున్నాడు. రెండూ ఆమెను బల్ల మీదే కూర్చోబెట్టాయి. దండం పెట్టి బతిమాలినా, కాళ్ళ మీద పడినా, ఈ మగపిల్లవాడి ప్రేమకు చెవులు మాత్రం రావు.

ఆమె వెనక్కి తిరిగి గదిలోకి వెళ్ళింది. తలుపు మూసింది. కుడిచెయ్యి దానంతటదే గొళ్ళెం వైపు లేచి, నొప్పికి ఆగిపోయింది. ఎడమచేత్తో ప్రయత్నించింది. ఎత్తితే చంకలో కుట్లు వేసిన చోట లాగింది. పంటి బిగువున ఇంకొంచెం ఎత్తింది. గొళ్ళెం పడింది.

సుభాషిణి లేచి నిలబడింది. "అమ్మా, ఏం చేస్తున్నారు?"

"రేపటిదాక ఆగితే నేను హైదరాబాద్‌ల ఉంట. బిళ్ళ ఇయ్యాల్నే పెట్టు."

"అలా వెంటనే... థియేటర్ చూడాలి, రక్తపరీక్ష చూడాలి..."

"చూడు. నేనీడనే ఉంట."

మెట్ల మీద వేగంగా అడుగులు. తలుపు మీద అరచేతి దెబ్బ. "అమ్మా, కారొచ్చింది. తలుపు తియ్యి."

భవాని కదల్లేదు. డాక్టరు కళ్ళలోకే చూస్తోంది. "ఇప్పుడు వాన్నడుగుతవా, నన్నడుగుతవా?"

సుభాషిణి చెయ్యి చాచి బల్ల మీది ఫోన్ అందుకుంది. థియేటర్ నంబరు నొక్కడం మొదలుపెట్టింది.

బయట దెబ్బలు ఆగాయి. భానుచందర్ గొంతు ఈసారి బతిమాలలేదు. పదిమందికి పని చెప్పే గొంతు అది.

"మేడం, అమ్మను చేర్పించింది నేను. సంతకం నాది. నేను ఒప్పుకోకుండ మీరు ఆమె మీద కత్తి పెడితే, ఆ చెయ్యి ఎట్ల కాలిందో రేపు పోలీసులకు చెప్పాల్సింది మీరు."

నంబరు మీది వేలు ఆగింది.